అద్దె ఇంటి గోడ అల్మారాలో ఆకుకూరలు: గాలి ఆడే ఏర్పాటు ఎలా చేయాలి?

ప్రశ్న (నల్లగొండ నుండి)

అందరికీ నమస్కారం. మేము నల్లగొండ పట్టణంలో ఒక మిద్దె ఇంటి కింది అంతస్తులో అద్దెకు ఉంటున్నాము. మిద్దె పైభాగాన్ని ఇంటి యజమానులు వాడుకుంటారు కాబట్టి అక్కడ కుండీలు పెట్టుకునే వీలు లేదు. మాకున్న వరండా పడమటి ముఖం కావడంతో ఉగాది దాటిన తరువాత అక్కడ కొత్తిమీర మొలక కూడా నిలవదు. అందుకని నడిమి గదిలోని గోడ అల్మారాను ఖాళీ చేసి, రెండు అరలకు ఎల్‌ఈడీ దీపాలు బిగించి, ట్రేలలో కొబ్బరి పొట్టు నింపి కొత్తిమీర, మెంతికూర, పాలకూర వేసుకుంటున్నాను.

అల్మారా 4 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు, 6 అడుగుల ఎత్తు ఉంటుంది. అరలన్నీ గోడలోకి దిగేసిన షాబాదు బండలే; ముందు రెండు చెక్క తలుపులు ఉన్నాయి. దీపాలు రెండూ కలిపి 95 వాట్లు, రోజుకు 14 గంటలు, ఉదయం 6 నుండి రాత్రి 8 వరకు వెలుగుతాయి. రోజుకు దాదాపు లీటరున్నర నీళ్ళు పోస్తున్నాను. తలుపులు మూసి ఉంచితే, గదిలో 33 డిగ్రీలు ఉన్నప్పుడు అల్మారాలో 40 డిగ్రీలు చూపిస్తున్నది. తేమ 90 శాతం దాటి, తెల్లవారేసరికి తలుపుల లోపలి వైపు నీటి బొట్లు నిలుస్తున్నాయి. పోయిన వారం మెంతి నారు ఆరో రోజున మొదలు దగ్గర నీరు పట్టినట్లై, ఒక మూల నుండి మొదలుపెట్టి మొత్తం పడిపోయింది. తలుపులు తెరిచి ఉంచుదామంటే పిల్లలిద్దరూ ఆ గదిలోనే ఉంటారు, చిన్నవాడి చేతికి తీగలు అందుతాయి.

ఎటువంటి ఫ్యాన్ పెట్టాలి, రంధ్రాలు ఎక్కడ ఉండాలి, గోడకు రంధ్రం వేయడానికి యజమానులు ఒప్పుకోరు కనుక తలుపులతోనే పని జరుగుతుందా అనేవి నా సందేహాలు. వేసవిలో హాలులో కూలర్ నడుస్తుంది. ఆ గాలిని అల్మారాలోకి మళ్ళించవచ్చునా? రాత్రిపూట మొక్కలు పడకగదిలో ఉంటే పిల్లలకు గాలి తక్కువవుతుందని మా అత్తమ్మ బెంగ పడుతున్నారు. దాని గురించి కూడా ఎవరైనా చెప్పగలరా?

జవాబు 1 (మహబూబ్‌నగర్ నుండి)

అమ్మా, నేను పాలమూరులో ఇరవై ఏళ్ళుగా శీతల యంత్రాల మరమ్మతు పని చేస్తున్నాను. మీరు కొలతలన్నీ ఇచ్చారు కాబట్టి లెక్క కట్టి చెప్పగలను.

ముందుగా ఒక మాట స్పష్టంగా తెలుసుకోవాలి. ఫ్యాన్ అల్మారాను చల్లబరచదు; అల్మారాలోని గాలిని గదిలోని గాలితో మార్చుతుంది, అంతే. గదిలో 36 డిగ్రీలు ఉన్న రోజున ఎంత పెద్ద ఫ్యాన్ బిగించినా అల్మారా 36 కంటే కిందికి రాదు. అందువల్ల మనం తగ్గించగలిగేది గదికీ అల్మారాకూ మధ్య ఉన్న తేడాను మాత్రమే. మీకు ఇప్పుడు ఆ తేడా 7 డిగ్రీలు ఉన్నది. దానిని 3 డిగ్రీలకు తేవచ్చు.

గాలి ఎంత కావాలో అల్మారా పరిమాణాన్ని బట్టి కాక, దీపాల వాట్లను బట్టి నిర్ణయించాలి. వాట్‌కు గంటకు ఒక ఘనమీటరు చొప్పున గాలి మారితే తేడా 3 డిగ్రీల దగ్గర నిలుస్తుంది; అందులో సగమే మారితే తేడా 6 డిగ్రీలవుతుంది. అంటే మీ 95 వాట్లకు గంటకు 95 ఘనమీటర్లు కావాలి. మీ దీపాల విద్యుత్ డ్రైవర్ (కరెంటును దీపాలకు తగినట్లు మార్చే పెట్టె) విడిగా ఉండే రకమైతే దానిని అల్మారా బయట గోడకు బిగించండి. సుమారు పదో వంతు వేడి అక్కడే ఆగిపోయి, లోపల 85 వాట్లే మిగులుతాయి. రూపాయి ఖర్చు లేకుండా తగ్గే వేడి కాబట్టి ఈ పని ముందు చేయండి.

వంటగదికి వాడే 6 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఇంత చిన్న చోటుకు ఎక్కువవుతుంది. అది చేసే చప్పుడుకు పిల్లలు పడుకోలేరు, మొలకలు కూడా ఎండిపోతాయి. కంప్యూటర్ క్యాబినెట్లలో వాడే 120 మిల్లీమీటర్ల, 12 వోల్టుల ఫ్యాన్లు రెండు తీసుకోండి. డబ్బా మీద రాసిన గాలి లెక్క, ఎదురుగా ఏ అడ్డూ లేనప్పటిది. జాలీ గుండా లాగేటప్పుడు అందులో సగమే వస్తుందని అనుకుని లెక్క వేసుకుంటే మోసపోరు. గంటకు 85 ఘనమీటర్లని రాసి ఉన్న ఫ్యాన్లు రెండు పెడితే, సగానికి తగ్గినా మీ అవసరం తీరుతుంది.

ఇక రంధ్రాల సంగతి. గోడ జోలికి పోనక్కరలేదు. కుడి తలుపు పై పలకను జాగ్రత్తగా విప్పి దాచిపెట్టి, దాని స్థానంలో ప్లైవుడ్ పలక బిగించి, ఫ్యాన్లను దానికి గాలి బయటికి నెట్టేలా అమర్చండి. ఇల్లు ఖాళీ చేసే రోజున పాత పలకను తిరిగి పెట్టేయవచ్చు. ఎడమ తలుపు అడుగు పలకను కూడా అలాగే తీసి జాలీ కొట్టించండి. గాలి లోపలికి వచ్చే దారి, బయటికి పోయే దారి కంటే కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. దోమల జాలీ వేస్తే దాని సన్నని కళ్ళు చాలా గాలిని ఆపుతాయి కాబట్టి మూడు రెట్లు పెట్టండి. లోపలికి వచ్చే వైపు ఫ్యాన్ వద్దు. పైన లాగితే చాలు, కింద నుండి గాలి తనంతట తానే వస్తుంది.

షాబాదు బండల అరలు ఉన్నాయన్నారు గదా, అసలు చిక్కు అక్కడ ఉన్నది. ఆ బండలు మూడు వైపులా గోడలో కూర్చుని ఉంటాయి. కింద నుండి వచ్చిన గాలికి తలుపుకూ బండ అంచుకూ మధ్య ఉన్న సందు తప్ప పైకి పోయే మరో తోవ లేదు. ఆ సందు గుండా గాలి తలుపు వెంబడి తిన్నగా పైకి పోయి ఫ్యాన్‌లో పడుతుంది. వెనుక మూలల్లో ఉన్న ట్రేల మీది గాలి కదలనే కదలదు. మీ మెంతి నారు ఒక మూల నుండి మొదలై పడిపోయిందని రాశారు, అది వెనుక మూలే అయి ఉండవచ్చని నా అనుమానం. దీనికి ప్రతి అరలోనూ ఒక చిన్న ఫ్యాన్ పెట్టి, అది మొక్కల మీదికి నేరుగా కాకుండా, ఆకుల పైనుండి వెనుక గోడకు తగిలి తిరిగి వచ్చేలా వంచాలి. ఆకులు అల్లాడితే చాలు, వంగిపోకూడదు.

దీపాలను పగటిపూట వెలిగించడం మన ప్రాంతానికి తగదు. రాత్రి 8 నుండి ఉదయం 10 వరకు వెలిగించండి; గంటలు అవే 14, కానీ గది వేడెక్కే మధ్యాహ్నపు వేళ దీపాల వేడి దానికి తోడుకాదు. తలుపులు మూసి ఉంటాయి కాబట్టి వెలుతురు పిల్లలకు ఇబ్బంది కాదు; జాలీకి లోపలి వైపు రెండంగుళాల ఎడంగా ఒక నల్ల అట్ట నిలబెడితే గాలి వస్తుంది, వెలుతురు రాదు. అల్మారా నుండి గదిలోకి వచ్చే వేడి, ఒక మనిషి ఊరక కూర్చున్నప్పుడు అతని ఒంటి నుండి వెలువడే వేడికి దాదాపు సమానం. ద్వారం పైనున్న వెంటిలేటర్ అద్దం తెరిచి ఉంచితే అది పోతుంది.

జవాబు 2 (దేవరకొండ నుండి)

పాలమూరు అన్నగారు వేడి గురించి చెప్పిన దానికి నేను తేమ వైపు నుండి కొంత కలపాలనుకుంటున్నాను. చెల్లీ, మీరు రోజుకు లీటరున్నర నీళ్ళు పోస్తున్నారు. ఆకుకూర కోసినప్పుడు దానిలో మిగిలే నీరు చాలా కొద్ది. మిగతాదంతా ఆకుల నుండి, కొబ్బరి పొట్టు నుండి ఆవిరై ఆ అల్మారా గాలిలోకే చేరుతుంది. అంటే మీరు పోసిన లీటరున్నర, రోజూ తలుపు జాలీ గుండా బయటికి పోవాలి. పోకపోతే అది తలుపు మీద బొట్టుగానో, నారు మొదట్లో కుళ్ళుగానో మిగులుతుంది.

ఎండాకాలంలో మన గదుల గాలి పొడిగా ఉంటుంది కనుక, ఘనమీటరుకు ఆరేడు గ్రాముల ఆవిరిని సులువుగా మోసుకుపోతుంది. ఆ లెక్కన రోజుకు 230 ఘనమీటర్లు మారితే చాలు. అన్నగారు చెప్పిన ఫ్యాన్లు ఆ పనిని మూడు గంటల్లో చేస్తాయి. అయితే చాలామంది ఫ్యాన్లను కూడా దీపాల టైమర్‌కే కలిపి, దీపాలతో పాటే అవి ఆగిపోయేలా పెడతారు. దీపం ఆరగానే లోపలి గాలి చల్లబడుతుంది, అదే ఆవిరికి తేమ శాతం ఒక్కసారిగా పెరుగుతుంది, బొట్లు కట్టేది అప్పుడే. అందుకని ఒక ఫ్యాన్ రోజంతా తిరగాలి. అది మూడు నాలుగు వాట్ల కంటే ఎక్కువ తీసుకోదు.

మీ మెంతికి వచ్చినది నారుకుళ్ళు తెగులే. పిథియం, రైజోక్టోనియా వంటి తెగులు సూక్ష్మజీవులు తడి ఆరని చోట, గాలి కదలని చోట నారు మెడను పట్టుకుంటాయి. ఒకసారి పడిపోయిన మొక్క లేవదు. ఆ ట్రేలోని కొబ్బరి పొట్టును మళ్ళీ వాడకండి, ట్రేను సబ్బుతో కడిగి ఎండలో పెట్టండి. ఈసారి విత్తనం సగానికి తగ్గించి పలుచగా చల్లండి. ఒత్తుగా మొలిచిన నారు మధ్య ఎంత ఫ్యాన్ గాలి కూడా దూరదు. నీళ్ళు పైనుండి చిలకరించవద్దు. అడుగున మరో ట్రే పెట్టి దానిలో పోసి, అరగంట తరువాత మిగిలినవి ఒంపేయండి, దీపాలు వెలిగే వేళ మొదట్లోనే పోయండి.

ఇంకొక సంగతి. మొలకల వేళ్ళ చుట్టూ తెల్లగా నూగులాగా కనిపిస్తే బూజు అని భయపడి పారేయకండి. కొద్దిగా నీళ్ళు చల్లి చూడండి. వేరుకు అతుక్కుపోయి కనిపించకుండా పోతే అవి వేరు నూగులే; సాలెగూడులాగా అల్లుకుని, తడిపినా అలాగే ఉంటే అది బూజు.

వానాకాలంలో ఈ లెక్క తిరగబడుతుందని కూడా ముందే చెబుతున్నాను. గది గాలిలోనే 80 శాతం తేమ ఉన్నప్పుడు, దీపాలు ఆరి ఉన్న వేళ ఫ్యాన్ ఎంత తిప్పినా అల్మారా త్వరగా ఆరదు. ఆ నెలల్లో నేను నీళ్ళు తగ్గించి, అరల ఫ్యాన్ల మీదనే ఆధారపడతాను.

రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండకు కొత్తిమీర కోసం పట్టుబట్టడం మాత్రం నాకు సరైనదిగా అనిపించదు. గది 35 దాటితే ధనియాలు సరిగా మొలవవు, మొలిచినవి త్వరగా పూతకు పోతాయి. మే నెలలో గంగవాయిలి, తోటకూర వేయండి. అవి వేడిని ఇష్టపడతాయి.

జవాబు 3 (సూర్యాపేట నుండి)

నేను ఇళ్ళకు వైరింగు చేస్తాను. నీళ్ళు, కరెంటు ఒకే అల్మారాలో ఉన్నాయి, ఆ గదిలో చిన్నపిల్లలు ఉన్నారు కాబట్టి ఈ నాలుగు మాటలు తప్పక పాటించమని మిమ్మల్ని కోరుతున్నాను. ప్లగ్గు పాయింటు, టైమర్, ఎక్స్‌టెన్షన్ పెట్టె ఏవీ ట్రేల కింద ఉండకూడదు. అల్మారా బయట, పిల్లలకు అందనంత ఎత్తులో ఉండాలి. లోపలికి వెళ్ళే ప్రతి తీగ ముందు కిందికి వంగి ఆ తరువాత పైకి లేచేలా పెడితే, తీగ వెంబడి జారిన నీటి బొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. ఆ గది లైనుకు 30 మిల్లీయాంపియర్ల కరెంటు లీకైనా సరఫరాను ఆపేసే ఆర్‌సీసీబీ ఉన్నదో లేదో చూసుకోండి. లేకపోతే యజమానులకు చెప్పి పెట్టించండి. అది మీ మొక్కలకే కాదు, ఆ ఇంట్లో ఉండేవారందరికీ అవసరం. దీపాల లోహపు చట్రానికి ఎర్తింగు తీగ కలిపి ఉండాలి.

ఇన్వర్టర్ ఉంటే 12 వోల్టుల ఫ్యాన్ల అడాప్టర్‌ను మాత్రమే దానికి కలపండి. కరెంటు పోయినప్పుడు దీపాలు ఆరినా మొక్కలకు నష్టం లేదు, గాలి ఆగితే ఉన్నది.

అంతా బిగించాక తలుపులు మూసి, వెలిగించిన అగరుబత్తిని కింది జాలీ దగ్గర పట్టుకుని చూడండి. పొగ తిన్నగా లోపలికి లాగబడాలి. తరువాత తలుపుల నడిమి సందు వెంబడి, మడత బందుల వెంబడి కూడా అదే చేయండి; అక్కడ ఎక్కువ పొగ లాగుతున్నదంటే గాలి కిందికి దిగకుండా దగ్గరి దోవ వెతుక్కుంటున్నదని అర్థం. ఆ సందులకు రబ్బరు పట్టీ అంటించండి.

జవాబు 1 రాసినవారే మళ్ళీ (మహబూబ్‌నగర్)

కూలర్ గురించి అడిగిన మాట మరిచాను. మన ఎండల్లో గాలి పొడిగా ఉంటుంది కనుక, కూలర్ పది డిగ్రీలకు పైగా తగ్గిస్తుంది, కానీ తేమను కలుపుతుంది. 28 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న గాలి మీ అల్మారాలోకి వెళ్ళి 3 డిగ్రీలు వేడెక్కితే, అదే గాలిలో తేమ 63 శాతానికి దిగుతుంది. కాబట్టి దీపాలు వెలుగుతూ ఫ్యాన్లు తిరుగుతున్నంతసేపు ఆ గాలి మీకు మేలే చేస్తుంది. గొట్టాలు వేసి మళ్ళించనక్కరలేదు, గది తలుపు తెరిచి ఉంచండి; కూలర్ గాలి బయటికి పోవడానికి గది కిటికీ కూడా కొంచెం తెరిచి ఉండాలి.

అత్తమ్మగారికి చెప్పండి, రెండు అరల ఆకుకూరలు రాత్రంతా పీల్చుకునే ప్రాణవాయువు ఆ గదిలో నిద్రపోయే ఒక్క పిల్లవాడు పీల్చేదానిలో కూడా చాలా కొద్ది వంతు. పైగా ఇప్పుడు దీపాలు రాత్రే వెలుగుతాయి కనుక, మొక్కలు ఆ వేళ ప్రాణవాయువును విడుస్తూ ఉంటాయి.

ప్రశ్న అడిగినవారు (నల్లగొండ), పన్నెండు రోజుల తరువాత

అన్నగార్లకూ అక్కగారికీ నా నమస్కారాలు. యజమానులు తలుపు పలకలు మార్చడానికి వెంటనే ఒప్పుకున్నారు. ఆర్‌సీసీబీ కూడా వారే పెట్టించారు. డ్రైవర్లను బయటికి తెచ్చాను, దీపాలను రాత్రికి మార్చాను. నిన్న తెల్లవారి 5 గంటలకు గదిలో 31 డిగ్రీలు, పై అరలో 33.5, కింది అరలో 33 ఉన్నాయి. తేమ 58 శాతం. తలుపుల మీద బొట్లు లేవు. అగరుబత్తి పొగ ఎడమ తలుపు మడత బందుల దగ్గర బాగా లాగింది. రబ్బరు పట్టీ అంటించాక కింది జాలీ దగ్గర లాగుడు రెట్టింపైనట్లు కనిపించింది.

అన్నగారి అనుమానం నిజమే, నారు పడిపోవడం మొదలైనది కింది అర వెనుక ఎడమ మూలలోనే. పలుచగా చల్లిన కొత్త మెంతి ఇప్పుడు అదే మూలలో తొమ్మిదో రోజు నిలబడి ఉన్నది. అర ఫ్యాన్‌కు దగ్గరగా ఉన్న పాలకూర ఆకుల అంచులు మాత్రం కొంచెం ఎండుతున్నాయి. రేపు ఆ ఫ్యాన్‌ను మరో నాలుగు అంగుళాలు పైకి జరిపి, ఈ శనివారం మళ్ళీ కొలతలు రాస్తాను.