మాన్‌స్టర్ ట్రక్ డ్రైవర్లలో అందరికంటే గొప్ప ఎవరు: డెన్నిస్ ఆండర్సనా, టామ్ మీంట్సా?

డాలస్_రాజు:
పోయిన నెల మావాణ్ణి తీసుకుని ఆర్లింగ్టన్‌లో మాన్‌స్టర్ జామ్, అంటే భారీ చక్రాల బండ్ల పోటీ షో, చూసొచ్చాను. చెవులు మూసుకున్నా ఛాతీలో అదిరే శబ్దం అది. గ్రేవ్ డిగ్గర్ అనే బండి బయటికి రాగానే చుట్టుపక్కల వాళ్లంతా లేచి నిలబడ్డారు. "నాన్నా, ఈ డ్రైవర్లందరిలో గొప్పవాడు ఎవరు?" అని అడిగాడు మావాడు. ఆ బండిని మొదలుపెట్టిన డెన్నిస్ ఆండర్సన్ అని ఠక్కున చెప్పాను. ఇంటికొచ్చాక వాడే లెక్క చూసి, "టామ్ మీంట్స్ ఎక్కువసార్లు గెలిచాడు కదా" అన్నాడు.

లెక్క నిజమే. వరల్డ్ ఫైనల్స్‌లో, అంటే మాన్‌స్టర్ జామ్ ఛాంపియన్‌షిప్ పోటీల్లో, ఆండర్సన్‌వి నాలుగు టైటిళ్లు: 2000లో ఫ్రీస్టైల్ (గడువులోపు బండితో విన్యాసాలు చేసే పోటీ), 2004, 2006, 2010లో రేసింగ్. మీంట్స్‌వి పదికి పైగా ఉన్నాయి. అయినా నా మాట నేను మార్చుకోను.

ఆండర్సన్ నార్త్ కరోలైనా మనిషి. 1982లో ఒక పాత ఫోర్డ్ పికప్‌తో బురద పోటీల్లో దిగాడు. ఆ డొక్కు బండి చూసి తోటివాళ్లు వెటకారం చేస్తే, దీంతోనే మీకు గోతులు తవ్వుతానన్నాడట. బండికి ఆ పేరే, గ్రేవ్ డిగ్గర్ (సమాధి గోతులు తవ్వేవాడు) అని, నిలిచిపోయింది. తర్వాత పాత షెవర్లే వ్యాన్ బాడీ వచ్చింది, నలుపు మీద స్మశానం బొమ్మ, ఎర్రటి హెడ్‌లైట్లు వచ్చాయి. 1987లో సెయింట్ పాల్‌లో, టీవీ కెమెరాల ముందు, అప్పటికి ఈ ఆటకే రాజైన బిగ్‌ఫుట్ అనే బండిని ఓడించాడు. ఆ రోజు నుంచి పిల్లలు గోడల మీద అంటించుకునే బండి మారిపోయింది. ఒక ఆటనే మార్చినవాణ్ణి టైటిళ్ల లెక్కతో కిందికి దించడం నాకు అన్యాయం అనిపిస్తుంది.

గోదావరి_గేర్:
రాజు గారూ, మీ అభిమానం అర్థమైంది. కానీ మీ అబ్బాయి అడిగింది డ్రైవర్ గురించి, పోస్టర్ గురించి కాదు.

రేసింగ్ అంటే రెండు బండ్లు పక్కపక్కన బయలుదేరి, ఓడింది ఇంటికి పోయే ఆట. మలుపులో అర సెకను తడబడినా ఆ ఏడాది కథ అయిపోయినట్టే. ఆ పద్ధతిలో, పైగా ఫ్రీస్టైల్‌లో కూడా, ఇన్నేళ్లపాటు పదికి పైగా టైటిళ్లు తెచ్చుకోవడం అదృష్టంతో జరగదు. మీంట్స్ గోల్డ్‌బర్గ్ బండితో గెలిచాడు, తర్వాత మాగ్జిమమ్ డిస్ట్రక్షన్‌తో గెలిచాడు. బండి మారినా గెలుపు మారలేదంటే ఆ గొప్ప ఎవరిది? డబుల్ బ్యాక్‌ఫ్లిప్ (గాల్లో బండిని వెనక్కి రెండు పల్టీలు కొట్టించడం) కోసం బోర్లాపడి, మళ్లీ మళ్లీ ఎక్కి ప్రయత్నించిన మనిషి కూడా ఆయనే.

ఆండర్సన్‌ది దూకుడు. ఒక్కోసారి టైమ్ అయిపోకముందే బండి విరిగిపోయేది. జనం ఈలలు వేస్తారు, నిజమే. కానీ బండిని చివరి సెకను దాకా నిలబెట్టుకోవడమే అసలు డ్రైవింగ్ అని నేను నమ్ముతాను.

ఒంగోలు_శీను:
నాకు ఈ ఆట మా బాబు బొమ్మల పెట్టెలోంచి తెలిసింది. వాడి దగ్గర చిన్న గ్రేవ్ డిగ్గర్ ఉంది. డ్రైవర్ పేరు వాడికి తెలియదు, నాకూ ఈ చర్చ చదివే దాకా తెలియదు.

మా వైపు తిరునాళ్లలో ఎడ్ల బండలాగుడు పోటీలు పెడతారు. మైకులో చదివేది గిత్తల యజమాని పేరు, ఊరి పేరు. ముల్లుగర్ర పట్టుకుని పక్కన పరిగెత్తేవాడి పేరు మర్నాటికి ఎవరికీ గుర్తుండదు. కానీ గిత్తలు ఎప్పుడు అలుస్తాయో, ఎక్కడ అదిలించాలో తెలిసింది వాడికే. ఇక్కడా అంతే అనుకుంటున్నాను. జనం బండి పేరు అరుస్తారు, మనిషిని మర్చిపోతారు. ఆండర్సన్ ఒక్కడికే బండి పేరూ మనిషి పేరూ కలిసిపోయాయంటే అది చిన్న విషయమా?

డెట్రాయిట్_ప్రసాద్:
శీనూ, మంచి పోలిక చెప్పావు తమ్ముడూ. నేను ఆటోమొబైల్ రంగంలో పనిచేస్తాను, బండి వైపు నుంచి ఒక మాట చెప్తాను.

ఇది సుమారు 5,400 కిలోల బండి. టైర్లు 66 అంగుళాల ఎత్తు. మిథనాల్‌తో నడిచే ఇంజిన్ దాదాపు 1,500 హార్స్‌పవర్ ఇస్తుంది. డ్రైవర్ మధ్యలో కూర్చుంటాడు. ముందు చక్రాలను స్టీరింగ్‌తో, వెనక చక్రాలను చేతి దగ్గరున్న స్విచ్‌తో తిప్పాలి. అంటే గాల్లోంచి కిందపడే క్షణంలో రెండు చేతులూ రెండు వేర్వేరు నిర్ణయాలు తీసుకుంటూ ఉంటాయి. అదుపు తప్పితే బయటి నుంచి అధికారి రిమోట్‌తో ఇంజిన్ ఆపేస్తాడు. ఇంత బరువు పైనుంచి పడితే ఆ దెబ్బ వెన్నెముకకి ఎంతో కొంత అందకుండా ఉండదు.

ఇప్పుడు అసలు సంగతి. తొలి రోజుల్లో ఆండర్సన్ బండి ఆండర్సన్‌దే. శనివారం విరగ్గొడితే వచ్చే శనివారానికి తనే బాగు చేసుకోవాలి, ఖర్చు తన జేబులోంచే పోవాలి. 1998లో గ్రేవ్ డిగ్గర్ టీమ్‌ని పేస్ అనే షోల కంపెనీకి అమ్మాడు. ఆ తర్వాత బండి విరిగితే కంపెనీ చూసుకుంటుంది. ఈ రెండు కాలాల మనుషుల్ని ఒకే తూకంలో వేయకూడదు. అలాగని మీంట్స్‌ని తక్కువ చేయను, ఫ్రీస్టైల్‌లో ఆయన బండిని చదివే తీరు నాకు చాలా ఇష్టం. గేర్ గారూ, "విరిగింది కాబట్టి నైపుణ్యం లేదు" అనే మాట మాత్రం ఒప్పుకోలేను. సొంత డబ్బుతో కొన్న ఇరుసు విరుగుతుందని తెలిసీ గ్యాస్ తొక్కడానికి వేరే గుండె కావాలి.

షార్లట్_సుజాత:
ఇంత సేపు మాట్లాడి ఒక్కరు కూడా మడూసా పేరు ఎత్తలేదు, నాకు బాధేసింది.

రాజు గారూ, ఆండర్సన్ రేసింగ్ టైటిళ్లు 2004, 2006 అని రాశారు. మధ్యలో 2005 ఎవరిది? మడూసా అనే డెబ్రా మిసేలీది. రెజ్లింగ్ రింగ్‌లోంచి వచ్చి 1999లో ఈ బండ్లు నడపడం మొదలుపెట్టింది. 2004లో ఫ్రీస్టైల్ టైటిల్ ముగ్గురు పంచుకున్నారు, మీంట్స్‌తో పాటు ఆమె కూడా అందులో ఉంది. మరుసటి ఏడు రేసింగ్ టైటిల్ ఒంటరిగా గెలిచింది. ఈ రంగానికి ఆలస్యంగా, పూర్తిగా మగవాళ్ల గ్యారేజీల్లోకి, అడుగు పెట్టి ఆరేళ్లలో ఆ స్థాయికి వెళ్లిన వాళ్లు ఇంకెవరున్నారు? మా అమ్మాయి పన్నెండేళ్లది. ఆమె పాత వీడియోలు చూశాకే మెకానికల్ చదువుతానని మొదటిసారి అంది. గొప్పతనం కొలిచేటప్పుడు ఇది కూడా లెక్కలోకి రావాలి.

గోదావరి_గేర్:
సుజాత గారూ, నిజంగానే తప్పు చేశాం. కానీ మీరు చెప్పింది నా వాదనకే బలం. 2005లో గెలిచింది కాబట్టే ఇవాళ మీరు ఆమె పేరు చెప్పగలుగుతున్నారు. టైటిల్ లేకపోతే రెజ్లర్ వచ్చి సరదాగా బండి నడిపిందని జనం వదిలేసేవాళ్లు.

షార్లట్_సుజాత:
సగం ఒప్పుకుంటాను. తలుపు తెరవడానికి టైటిల్ అవసరమే. తెరిచాక ఎంతమంది లోపలికి వచ్చారన్నది వేరే లెక్క. 2017లో గ్రేవ్ డిగ్గర్‌ని నడపడం మొదలుపెట్టిన క్రిస్టెన్ ఆండర్సన్, డెన్నిస్ కూతురు, ఆ బండి ఎక్కిన మొదటి మహిళ. మడూసా అంతకు ముందు దారి వేయకపోతే అది ఇంత సహజంగా జరిగేదని నేను అనుకోను.

డాలస్_రాజు:
మడూసాని వదిలేసినందుకు క్షమించండి సుజాత గారూ. మావాడికి ఆమె 2005 రేసు వెతికి చూపిస్తాను.

క్రిస్టెన్ ఏడాది చెప్పారు కాబట్టి ఇది కూడా రాయాలి. అదే 2017లో, జనవరిలో, టాంపాలో డెన్నిస్ గట్టిగా దెబ్బతిన్నాడు. మళ్లీ పోటీకి రాలేదు. అప్పటికి ఆయనకి 56 ఏళ్లు. ముప్పై అయిదేళ్లు అదే పేరున్న బండి. ఇప్పుడు ఒకే వారాంతంలో వేర్వేరు ఊళ్లలో వేర్వేరు డ్రైవర్లు గ్రేవ్ డిగ్గర్‌ని నడుపుతున్నారు. కొడుకులు ఆడమ్, రైయాన్, వెస్టన్ కూడా ఇదే దారిలో నడిచారు. ఆడమ్ అయితే 2008లో టాజ్ బండితో ఫ్రీస్టైల్ టైటిల్ గెలిచాడు, నాన్న బండితో కాదు.

గేర్ గారూ, ఒక్క మాట ఇస్తాను. రేసింగ్, ఫ్రీస్టైల్ రెండూ కలిపి ఎవరు బాగా నడిపారని అడిగితే మీంట్స్ అంటాను. మావాడికి ఆ తేడా చెప్పకుండా ఒక్క పేరు చెప్పడం నా తొందరపాటు. కానీ వాడు అడిగింది గొప్ప ఎవరని. దానికి నా జవాబు ఇంకా ఆండర్సనే.

గోదావరి_గేర్:
సరే రాజు గారూ, డ్రైవింగ్ మీంట్స్‌ది అని మీ నోటితో వచ్చింది, నాకు అది చాలు. ప్రసాద్ గారూ, సొంత ఖర్చు సంగతి నన్ను ఆలోచనలో పడేసింది. 1998కి ముందు ఆండర్సన్ రేసుల వీడియోలు మీ దగ్గరుంటే ఇక్కడ పెట్టండి. ఆ కాలంలో ఆయన బండిని ఎలా కాపాడుకున్నాడో చూడాలని ఉంది.

డెట్రాయిట్_ప్రసాద్:
ఉన్నాయండీ, పాత క్యాసెట్ల నుంచి ఎక్కించినవి. ఈ ఆదివారం పెడతాను. మలుపుల్లో వెనక చక్రాలు ఎప్పుడు తిప్పాడో గమనించండి.