నాన్న పాత టిల్లర్ ఉంచుకోవాలా, బ్యాటరీది కొనాలా? కరెంటు నిజంగా పొగలేనిదేనా?

పెరటిమడి (తెనాలి):
అందరికీ నమస్కారం. ఇంటి వెనక నలభై సెంట్ల తోట ఉంది మాకు. బీర, దొండ, వంగ, కాస్త పసుపు. దుక్కికి నాన్నగారు 1986లో కొన్న డీజిల్ పవర్ టిల్లరే ఇప్పటికీ వాడుతున్నాను. డీకంప్రెషన్ లీవర్ పట్టుకుని హ్యాండిల్ నాలుగు చుట్లు తిప్పితే చాలు, అందుకుంటుంది. ఏడాది మొత్తం మీద పదిహేను గంటలు నడుస్తుందేమో, గంటకు లీటరు తాగుతుంది. మా అమ్మాయి మాత్రం అది అమ్మేసి బ్యాటరీ టిల్లర్ కొనమంటోంది, ఇంకా డీజిల్ కాల్చడం తప్పంటోంది. ఆ కరెంటూ బొగ్గులోంచే కదా వచ్చేది? తెలిసినవాళ్ళు చెప్పండి. ఈ పాతదానికి ఫ్యాన్ బెల్టు ఎక్కడ దొరుకుతుందో కూడా చెబితే మేలు.

నల్లరేగడి (జనగామ):
అమ్మకండి అన్నా. లెక్క చూడండి. లీటరు డీజిల్ కాలితే 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మీ పదిహేను లీటర్లకు ఏడాదికి 40 కిలోలు. చిన్న డీజిల్ ఇంజన్ లీటరుకు రెండున్నర యూనిట్ల పని ఇస్తుందనుకుంటే మీ దుక్కికి 37 యూనిట్ల పని పడుతోంది. ఛార్జింగ్‌లో, మోటారులో పోయేది కలిపితే ప్లగ్గు దగ్గర 50 యూనిట్లు తీసుకోవాలి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్కల్లో మన గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోలు. అంటే 35 కిలోలు. మిగిలేది అయిదు కిలోలు! లిథియం బ్యాటరీ తయారు చేయడానికే ఒక్కో యూనిట్ సామర్థ్యానికి అటూ ఇటూగా 60 నుంచి 100 కిలోలు పోతుంది. మూడు యూనిట్ల బ్యాటరీ అంటే 180 నుంచి 300. ఆ అప్పు ఎప్పటికి తీరాలి? మీ టిల్లర్ ఇనుము కరిగించి పోత పోసిన పొగ ఎప్పుడో 1986లోనే అయిపోయింది.

ఎరువుబండి:
అసలు దున్నడమెందుకండీ? ఎండుటాకు, గడ్డి కప్పి చూడండి. మూడేళ్ళుగా మా మళ్ళలో పార తప్ప ఏదీ దిగలేదు.

నల్లరేగడి:
మీది ఎర్రనేల అయి ఉంటుంది. వేసవిలో రేగడి నెర్రెలిచ్చాక ఒకసారి వచ్చి చూడండి.

సౌరసీమ (అనంతపురం):
నల్లరేగడి గారూ, లీటరుకు రెండున్నర యూనిట్లు రావాలంటే ఇంజన్ నిండు లోడు మీద నడవాలి. పెరట్లో అలా నడుస్తుందా? సాలు చివర తిప్పుకునేటప్పుడు, రాయి తగిలి ఆగినప్పుడు, పక్కింటాయన పలకరించినప్పుడు ఇంజన్ ఊరికే తిరుగుతూ తాగుతూనే ఉంటుంది. రెండు యూనిట్ల పని కూడా రాదు. మోటారు ఆగితే ఆగినట్టే. ఇంకో మాట, కరెంటంతా బొగ్గే అని ఎందుకు లెక్క వేస్తున్నారు? మా డాబా మీద మూడు కిలోవాట్ల ప్యానెళ్ళున్నాయి, 78 వేలు సబ్సిడీ వచ్చింది. మధ్యాహ్నం ఎండలోనే నా వీడర్ (కలుపు తీసే యంత్రం) ఛార్జ్ చేస్తాను. అప్పుడు ఏడాదికి మిగిలేది 40 కిలోలు, అయిదారేళ్ళలో బ్యాటరీ అప్పు తీరుతుంది.

నల్లరేగడి:
నేను వేసిందే గ్రిడ్ సగటు. అంతా బొగ్గయితే యూనిట్‌కు కిలోకి అటూ ఇటూ ఉండేది. ఇక రెండు యూనిట్ల పని రాదని ఎవరు కొలిచారు?

సౌరసీమ:
రెండున్నర మీరు కొలిచారా?

నల్లరేగడి:
పుస్తకాల్లో ఉంది. చిన్న డీజిల్ ఇంజన్ డీజిల్‌లోని శక్తిలో నూటికి పాతిక వంతు పనిగా ఇస్తుంది.

సౌరసీమ:
పుస్తకంలోని ఇంజన్ కొత్తది. డీజిల్ చిమ్మే నలభై ఏళ్ళ నాజిల్, అరిగిన రింగులు పాతిక ఇస్తాయా?

లాత్‌పని (ఏలూరు):
ఇద్దరూ పాతికా ఇరవై దగ్గరే ఆగిపోయారు. పెరటిమడి గారూ, బెల్టు మీద నంబరు చెరిగిపోతే పాతది తీసి చేత్తో పట్టుకుపోండి, పొడవు, వెడల్పు కొలిచి వీ-బెల్టు ఇస్తారు. వైరు లాగి నడిపే కరెంటు టిల్లర్ మాత్రం ఎవరూ కొనొద్దు. వైరు పళ్ళలోకి పోయిన మెషీన్లు రెండు నా షెడ్డుకు వచ్చాయి.

సియాటిల్_గోంగూర:
నా దగ్గర 1970ల నాటి ట్రాయ్-బిల్ట్ హార్స్ అనే టిల్లర్ ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలో ట్రాయ్ అనే ఊళ్ళో చేసింది. ఆ కంపెనీ 2001లో దివాలా తీసింది, ఈ గేర్‌బాక్స్ మాత్రం చెక్కుచెదరలేదు. కొత్త నేల విరగదీయాలంటే అదే తీస్తాను. గోంగూర మళ్ళకి చిన్న బ్యాటరీ టిల్లర్ చాలు. మా రాష్ట్రంలో కరెంటు ఎక్కువగా డ్యాముల నుంచే వస్తుంది కాబట్టి బొగ్గు బాధ తక్కువ. కాలిఫోర్నియాలో అయితే తోటపనికి వాడే చిన్న పెట్రోలు ఇంజన్లను 2024 మోడల్ నుంచి కొత్తగా అమ్మకూడదన్నారు. అక్కడ మొదటి కారణం ఊళ్ళో గాలి పాడవడం.

కృష్ణాతీరం (కర్నూలు):
డ్యామ్ కరెంటుకి ఉసురు తగలదా? మా అమ్మమ్మ పుట్టిన ఊరు రిజర్వాయరు అడుగున ఉంది. ఎండాకాలం నీళ్ళు తగ్గితే గుడి కనబడుతుంది. ఆవిడ ఏటా వెళ్ళి దూరం నుంచి దణ్ణం పెట్టుకుని వచ్చేది.

బూడిదగాలి:
ఇంతసేపూ కిలోలే మాట్లాడుతున్నారు. మా ఊరికి మూడు కిలోమీటర్లలో బొగ్గు కరెంటు ప్లాంటు ఉంది. పేరు చెప్పను. డాబా మీద వడియాలు పెట్టి పదిహేనేళ్ళయింది. మిరపకాయలు ఆరబోస్తే సాయంత్రానికి చేతికి బూడిద అంటుతుంది. గంధకం పొగను వడకట్టే యంత్రాలు పెట్టాలని 2015లో నియమం తెచ్చారు, గడువు జరుపుతూ పోయారు, 2025 జూలైలో చాలా ప్లాంట్లకు ఆ అవసరమే లేదన్నారు. మీ పెరట్లో పొగ లేకపోతే పచ్చదనం అంటారు. ఆ పొగ మా ఇంటికి వచ్చింది, అంతే.

సౌరసీమ:
అక్కా, మీ బాధ కాదనను. కానీ ఏడాదికి 50 యూనిట్ల టిల్లర్ ఆపితే మీ ప్లాంటు ఆగుతుందా? మీ ఇంట్లో ఫ్రిజ్ అంతకంటే ఎక్కువ కాలుస్తుంది.

బూడిదగాలి:
ఫ్రిజ్ మాటెందుకు వచ్చింది తమ్ముడూ? బూడిద మా నెత్తిన పడుతుంటే మేము కరెంటే వాడకూడదా?

నల్లరేగడి:
సరిగ్గా అడిగావు అక్కా. సోలార్ ఉన్నవాళ్ళకి ఊరి సంగతి పట్టదు.

సౌరసీమ:
నల్లరేగడి గారూ, ఊరి సంగతి నాకు చెప్పకండి. మా నాన్న ఇరవై రెండేళ్ళు పవర్ టిల్లర్ కిరాయికి తోలాడు. గాలి ఎదురుగా కొడితే పొగంతా ఆయన మొహానికే. రాత్రి అన్నం కలుపుకుంటుంటే వేళ్ళు తిమ్మిరెక్కి ముద్ద జారిపోయేది. ఇప్పుడు పది మెట్లు ఎక్కలేడు. డాక్టరు మొదట అడిగింది బీడీ తాగుతావా అని. ఆయన జన్మలో ముట్టలేదు. డీజిల్ పొగను మనిషికి క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి వరుసలో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధనా విభాగం 2012లోనే చేర్చింది. మీ 40 కిలోల లెక్కలో ఆయన ఊపిరితిత్తులు ఏ గడిలో ఉన్నాయి?

పెరటిమడి:
దయచేసి గొడవ వద్దండీ. అడిగింది నేను.

నల్లరేగడి:
మీ నాన్నగారి సంగతి తెలియక అన్నాను తమ్ముడూ, ఏమనుకోకు. నా సంగతీ విను. నాలుగేళ్ళ కింద బంగారం తాకట్టు పెట్టి బ్యాటరీ వీడర్ కొన్నాను. రెండో ఏడు బ్యాటరీ పట్టడం మానేసింది. డీలరు దుకాణం ఎత్తేశాడు. కంపెనీకి ఫోన్ చేస్తే ఆ మోడల్ ఆపేశాం అన్నారు. పట్నం తీసుకుపోతే లోపలి కార్డు విప్పేవాడే దొరకలేదు. షెడ్డులో కోళ్ళు దాని మీద పడుకుంటున్నాయి. మా తాత ఇంజన్‌కు మా మండలంలో ఎవడైనా రింగులు వేస్తాడు. అయిదారేళ్ళలో అప్పు తీరుతుందన్నావు, అన్నేళ్ళు అది బతికితే కదా? పచ్చదనం పేరుతో నష్టపోయేది మళ్ళీ రైతే. నా కోపం కరెంటు మీద కాదు.

సౌరసీమ:
ఆ మాట ముందే చెబితే పాతిక శాతం దగ్గర రెండు రోజులు పోయేవి కావు అన్నా. బ్యాటరీ విప్పి బాగుచేసుకునే వీలు ఉండాలన్నది నేనూ ఒప్పుకుంటాను. నాన్న విషయంలో మాత్రం వెనక్కి తగ్గను. టిల్లర్ వెనక నడిచే మనిషి పొగ మింగకూడదు.

నల్లరేగడి:
ఏడాదికి పదిహేను గంటలకీ ఇరవై రెండేళ్ళ కిరాయికీ తేడా లేదా?

సౌరసీమ:
ఉంది. కిరాయికి తోలేవాడికి మొదట మారాలి. పెరటిమడి గారిది చివర మారినా ఫర్వాలేదు.

బూడిదగాలి:
మా ఊరి వాళ్ళం ఏ వరుసలో ఉన్నాం?

లాత్‌పని:
పెరటిమడి గారూ, ఈలోగా పొగ తగ్గించుకోండి. ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేసి, నాజిల్ పరీక్షకు ఇవ్వండి. నల్లపొగ వస్తోందంటే సగం డీజిల్ వృథా అని కాదు కానీ, కొంత కాలకుండా పోతున్నట్టే. పొగగొట్టం పక్కకు తిప్పి పైకి లేపితే మొహానికి కొట్టదు. గంట పని.

పెరటిమడి:
ఈ చర్చ మొత్తం మా అమ్మాయికి చదివి వినిపించాను. సౌరసీమ గారి నాన్నగారి దగ్గర ఆగమంది. మా నాన్న కూడా చివరి రోజుల్లో దగ్గేవారు, మేము వయసనుకున్నాం. టిల్లర్ అమ్మను. ఆదివారం గొట్టం తిప్పిస్తాను, నాజిల్ ఏలూరు పంపిస్తాను. డాబా మీద ప్యానెళ్ళు వచ్చేదాకా కొత్తది కొనను, బూడిదగాలి గారి మాట విన్నాక ఆ కరెంటుతో కొనాలనిపించలేదు. లాత్‌పని గారూ, నాజిల్ ఒక్కటే ఇవ్వాలా, పంపు కూడా విప్పి తేవాలా?

లాత్‌పని:
రెండూ తెండి. పైపు కూడా.