సత్సుమా ధూపదానిలో ఊదు వేయొచ్చా?

నల్గొండ_పాతసామాను:
జపాన్ ధూపదాని ఒకటి ఉంది. మీగడ రంగు, మెరుపు పూత మీద వెంట్రుకంత పగుళ్లు, మూడు కాళ్లు, చిల్లుల మూత మీద సింహం. అడుగున సున్నాలో కూడిక గుర్తు, పక్కన ‘మేడ్ ఇన్ జపాన్’. ఎంత పాతది? శుక్రవారం ఇందులో నిప్పులు పోసి ఊదు వేస్తే ఆగుతుందా?

పాలమూరు_పింగాణి:
ఆ గుర్తు సత్సుమాను, అంటే జపాన్‌లో ఇప్పటి కాగోషిమా ప్రాంతాన్ని ఏలిన షిమాజు వంశానిది. కానీ దాన్ని చూసి కాగోషిమాలో చేసిందనుకోవద్దు అన్నా. 1867 పారిస్ ప్రదర్శన తర్వాత సత్సుమా సామానుకు బయటి దేశాల్లో గిరాకీ పెరిగి, క్యోటో, ఒసాకా, యోకొహామాల్లోనూ ఇదే తీరులో చేసి ఇదే గుర్తు వేశారు. అమెరికాకు పోయే సరుకు మీద 1891 నుంచి ‘నిప్పాన్’ (జపాన్‌కు జపనీసులో పేరు) అని, 1921 నుంచి ‘జపాన్’ అని రాసేవాళ్లు. మీది పాత తీరులో చేసిన 20వ శతాబ్దపు అలంకార వస్తువే అయ్యుంటది. దాని మీద మనుషుల బొమ్మలుంటే భూతద్దం పెట్టి ముఖాలు చూడండి. రంగు సన్నని చుక్కలుగా విడిపోతే అచ్చు బొమ్మ అతికించారు, కుంచె గీత కనిపిస్తే చేతిపని.

మిర్యాలగూడ_ధూపం:
నిప్పులు మాత్రం నేరుగా పోయొద్దు. అడుగు ఒక్కసారిగా కాగుతది, అంచు చల్లగానే ఉంటది, కాళ్లు అతికిన చోట పగులు పడ్తది. ఊదు కరిగి జిగురు పొగ లేస్తది. అది ఆ సన్నపగుళ్లలోకి దిగి గోధుమరంగు గీతలైతే ఇక పోవు, లోపలి మట్టి పీల్చే రకం కదా.

వాసన కావాలంటే చందనం పేడు చాలు. జల్లించిన పొడి బూడిద మూడింట రెండొంతులు పోయండి, అదమొద్దు. చింతగింజంత బొగ్గును బయటే పూర్తిగా తెల్లబడేదాకా కాల్చి, బూడిదలో పాతి, పైన కుప్ప చేసి, పుల్లతో గాలికి ఒక బొక్క పెట్టండి. కుప్ప మీద అభ్రకం రేకు, దాని మీద పేడు. పొగ లేస్తే వేడి ఎక్కువైనట్టే, బూడిద ఇంకాస్త కప్పండి. బొగ్గు ఉన్నంతసేపు మూత పక్కనే.

నల్గొండ_పాతసామాను:
మిల్లు ఊక బూడిద పనికొస్తదా?

మిర్యాలగూడ_ధూపం:
నల్లగా ఉంటే వద్దు. సగం కాలిన ఊక మళ్లీ అంటుకొని కమురు వాసన కొడ్తది. వరిగడ్డి తెల్లగా కాలిన బూడిద మేలు, జపాన్‌లోనూ అదే వాడతారు. జల్లించేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి.

పాలమూరు_పింగాణి:
తుడవడానికి చింతపండు, విభూతి వద్దు. బంగారు పూత చివర్లో తక్కువ వేడికి కాల్చింది, రుద్దితే లేచిపోతది. మెత్తని కుంచెతో దులిపి, చిల్లుల్లో తడి పత్తిపుల్ల తిప్పితే చాలు. నీళ్లలో నానబెట్టొద్దు.