కిదాంబి శ్రీకాంత్‌ని ప్రకాశ్, గోపీచంద్‌ల పక్కన కూర్చోబెట్టొచ్చా?

బ్రాడీపేట_షటిల్:
అందరికీ నమస్కారం. గుంటూరులో షటిల్ రాకెట్ పట్టిన పిల్లలందరికీ శ్రీకాంత్ అంటే ప్రాణం. మన ఊళ్లో పెరిగినవాడన్న అభిమానం కాసేపు పక్కనబెట్టి లెక్క తేల్చాలని ఉంది. మన దేశపు పురుషుల సింగిల్స్‌లో ప్రకాశ్ పదుకోన్, గోపీచంద్ సరసన అతనికి చోటుందా? వాళ్లిద్దరికీ బ్యాడ్మింటన్‌లో పేరున్న పాత టోర్నీ ఆల్ ఇంగ్లండ్ టైటిల్ ఉంది, ఇతనికి లేదు. ఇతనికేమో 2017లో నాలుగు సూపర్ సిరీస్ (అప్పటి పెద్ద అంతర్జాతీయ టోర్నీల వరస) టైటిళ్లు, 2018లో వరల్డ్ నంబర్ వన్, 2021 వరల్డ్ ఛాంపియన్‌షిప్‌లో రజతం, 2022లో థామస్ కప్ (పురుషుల జట్ల ప్రపంచ టోర్నీ) ఉన్నాయి. ‘ఒక్క ఏడాది మెరిసి పోయాడు’ అనేవాళ్లకి ఏం చెప్పాలి? స్కోర్లతో సహా చెప్పండి.

బెజవాడ_బేస్‌లైన్:
ఆ మాట అనేవాళ్లని 2014 నవంబరు గురించి అడగండి. చైనా ఓపెన్ ప్రీమియర్ ఫైనల్, అవతల లిన్ డాన్. రెండు ఒలింపిక్ స్వర్ణాలున్న మనిషి, నెలన్నర కిందటే ఏషియన్ గేమ్స్ స్వర్ణం కొట్టి సొంత జనం ముందు ఆడుతున్నాడు. శ్రీకాంత్ 21-19, 21-17తో రెండు గేముల్లోనే ముగించాడు. 2015లో స్విస్ ఓపెన్, ఇండియా ఓపెన్ ఫైనల్స్‌లో అతని చేతిలో ఓడింది ఎవరనుకున్నారు? రెండుసార్లూ డెన్మార్క్ ఆటగాడు విక్టర్ ఆక్సెల్సెనే.

ఇక 2017 తేదీలు చూడండి. జూన్ 18న ఇండొనేసియా, 25న ఆస్ట్రేలియా. అక్టోబరు 22న డెన్మార్క్, 29న ఫ్రెంచ్. ఒక్కో టైటిల్‌కి ఐదు మ్యాచ్‌లు గెలవాలి. జంప్ స్మాష్‌నే (ఎగిరి పైనుంచి బలంగా కొట్టే దెబ్బ) నమ్ముకున్నవాడికి రెండో వారంలో మొదట దెబ్బతినేవి కాళ్లు. ఎగరడం తగ్గుతుంది, షటిల్‌ని జానెడు కిందగా కొడతాడు, స్మాష్ నెట్‌కి తగులుతుంది, లేదా చదునుగా పోయి అవతలివాడి రాకెట్ మీదే పడుతుంది. అలాంటి రెండో వారాల్లోనే ఇతను రియో స్వర్ణ విజేత చెన్ లాంగ్‌ని 22-20, 21-16తో, జపాన్ ఆటగాడు నిషిమోటోని 21-14, 21-13తో ఓడించాడు. ఒకే ఏడాది నాలుగు సూపర్ సిరీస్‌లు గెలిచిన మగవాళ్లలో ఇతనికి ముందున్నది లిన్ డాన్, లీ చాంగ్ వీ, చెన్ లాంగ్ మాత్రమే. ఇంతకన్నా ఏం కావాలండీ?

పట్టాభిపురం_లైన్‌జడ్జి:
టైటిళ్ల సంగతి ఒప్పుకుంటాను. నంబర్ వన్ ర్యాంకు మీద మాత్రం వాదన నిలబెట్టొద్దు. ర్యాంకు అంటే గడిచిన 52 వారాల్లో వచ్చిన మంచి ఫలితాలు పదింటి పాయింట్ల మొత్తం. 2017 ఏప్రిల్‌లో ఆడిన మలేసియా ఓపెన్ 2018లో కామన్వెల్త్ క్రీడల వల్ల వాయిదా పడింది. పాత పాయింట్లు రాలిపోయి ఆక్సెల్సెన్ కిందికి దిగాడు, శ్రీకాంత్ పైకొచ్చాడు. వారం తిరక్కుండానే మళ్లీ ఆక్సెల్సెన్. గర్వపడాల్సిందే, కానీ గొప్పతనానికి కొలత అది కాదు.

నా అసలు అభ్యంతరం తర్వాతి ఏళ్ల మీద. 2017 ఫ్రెంచ్ ఓపెన్ తర్వాత 2025 చివరిదాకా ఒక్క వరల్డ్ టూర్ (2018 నుంచి సూపర్ సిరీస్ స్థానంలో వచ్చినది) టైటిల్ లేదు. 2019 ఇండియా ఓపెన్ ఫైనల్లో ఆక్సెల్సెన్ చేతిలో, 2025 మలేసియా మాస్టర్స్ ఫైనల్లో లి షిఫెంగ్ చేతిలో ఓటమి. మోకాలి గాయం ఉంది, కాదనను. అయినా లోపం ఆటలో కూడా ఉంది. 2021 వరల్డ్ ఫైనల్ మొదటి గేమ్‌లో 9-3 ఆధిక్యం. అక్కడినుంచి అవతలి సింగపూర్ ఆటగాడు లో కీన్ యూ షటిల్ ఎత్తడం తగ్గించి ఒంటి మీదకి ఫ్లాట్ డ్రైవ్‌లు (చదునుగా, వేగంగా పోయే దెబ్బలు) మొదలెట్టాడు. ఎత్తు అందకపోతే జంప్ స్మాష్‌కి దారి లేదు. అప్పుడు నెట్ దగ్గర ఓపిగ్గా డ్రిబుల్ చేసి (షటిల్‌ని మెల్లగా నెట్ దాటించి అక్కడే పడేసి), అవతలివాడే ఎత్తక తప్పని పరిస్థితి తేవాలి. శ్రీకాంత్ తొందరపడి నెట్‌లోకో లైన్ బయటికో కొట్టేశాడు. 15-21, 20-22తో ఓడాడు.

తెనాలి_నెట్‌ప్లే:
ప్రకాశ్ గారి సంగతి ఎవరూ ముట్టుకోలేదేం? 1980లో డెన్మార్క్, స్వీడన్, ఆల్ ఇంగ్లండ్ వరసగా గెలిచారు. ఆల్ ఇంగ్లండ్ ఫైనల్లో లియెమ్ స్వీ కింగ్ మీద 15-3, 15-10. అప్పటికి చైనా వాళ్లు ఆల్ ఇంగ్లండ్‌కి రావడం లేదని కొందరు అంటారు, నిజమే. 1981లో కౌలాలంపూర్ వరల్డ్ కప్ ఫైనల్లో చైనా ఆటగాడు హాన్ జియాన్‌నే 15-0, 18-16తో ఓడించాక ఆ మాటకి విలువ లేదు. 1983లో వరల్డ్ ఛాంపియన్‌షిప్ కాంస్యం కూడా ఉంది. మొదటి స్థానం ఆయనదే, ఇందులో నాకు సందేహం లేదు.

గోపీ గారితో పోలికే కష్టం. 2001 ఆల్ ఇంగ్లండ్‌లో ఆయన సెమీస్‌లో పీటర్ గేడ్‌ని, ఫైనల్లో చెన్ హాంగ్‌ని ఓడించారు. అప్పట్లో సర్వీస్ చేతిలో ఉన్నప్పుడే పాయింటు, గేమ్ 15కి. వెనకబడ్డవాడు సర్వీస్ లాక్కుంటూ మెల్లగా కోలుకోవచ్చు, కాబట్టి ఓపికున్నవాడిదే రాజ్యం. ఇప్పుడు ప్రతి ర్యాలీకీ పాయింటే. నాలుగు తప్పులు వరసగా పడితే గేమ్ పోయినట్టే. శ్రీకాంత్ దూకుడుకి ఈ పద్ధతి 2017లో వరం, తర్వాత శాపం. స్థాయిని బట్టి గోపీ, ఎన్నిసార్లు గెలిచాడన్నదాన్ని బట్టి శ్రీకాంత్. నా ఓటు శ్రీకాంత్‌కే, వెంట్రుకవాసి తేడాతో.

బ్రాడీపేట_షటిల్:
థామస్ కప్‌ని ఎలా లెక్కేస్తారు? క్వార్టర్స్‌లో, సెమీస్‌లో గెలుపు తేల్చే ఐదో మ్యాచ్ గెలిచి కాపాడింది జట్టులోని ప్రణయ్ కదా అంటున్నారు.

పట్టాభిపురం_లైన్‌జడ్జి:
ప్రణయ్ లేకపోతే ఫైనలే లేదు, సరే. కానీ ఆ టోర్నీలో శ్రీకాంత్ ఆరు ఆడి ఆరూ గెలిచాడు. డెన్మార్క్‌తో సెమీస్‌లో లక్ష్య సేన్ ఆక్సెల్సెన్ చేతిలో ఓడాక, ఆంటోన్సెన్‌ని మూడు గేముల్లో శ్రీకాంత్ ఆపకపోతే ఐదో మ్యాచ్ దాకా పోయేదే కాదు. జట్టు టైటిలే అయినా, ఇందులో అతని వాటాకి వ్యక్తిగత టైటిల్ విలువ ఇస్తాను. నా అభ్యంతరం నిలకడ మీదే, పెద్ద మ్యాచ్ మీద కాదు.

బెజవాడ_బేస్‌లైన్:
కొత్తవాళ్లు రెండు మ్యాచ్‌లు చూసి సొంతంగా తేల్చుకోండి. ఒకటి 2017 ఇండొనేసియా సెమీస్. ఫైనల్లో తగిలిన సకాయ్ క్వాలిఫయర్ (అర్హత పోటీలు ఆడి వచ్చినవాడు), అందుకని ఆ టైటిల్‌ని తక్కువ చేస్తారు. సెమీస్‌లో ఎదురైంది అప్పటి నంబర్ వన్ సన్ వాన్ హో, దేన్నైనా తిరిగి కొట్టే రకం. మూడో గేమ్ 24-22. స్మాష్ కొట్టగానే శ్రీకాంత్ కాళ్లు చూడండి, రెండే అంగల్లో నెట్ దగ్గరుంటాడు. రాకెట్ ముందే పైకి లేచి ఉంటుంది, మణికట్టుతో చిన్న తోపు, అంతే. ర్యాలీని అక్కడికక్కడే తెంచేస్తాడు. రెండోది థామస్ కప్ ఫైనల్లో ఇండొనేసియా ఆటగాడు క్రిస్టీ మీద 21-15, 23-21. మొదటి గేమ్ వదిలేసి రెండోదే చూడండి. 20 దాటాక ఏ షటిల్‌ని కొట్టాడు, దేన్ని వదిలాడు అన్నది కాగితం మీద రాసుకుంటూ చూడండి. పట్టాభిపురం అన్న చెప్పిన తొందర అక్కడ కనిపిస్తే చెప్పండి, ఆ పాయింటు మీదే మాట్లాడుకుందాం.