పబ్లిక్ పోస్టు పెడితే ఏఐకి రాసిచ్చినట్టేనా?

చపాట మిర్చి: మా పెద్దమ్మ పాడే బతుకమ్మ పాటలు నాలుగేళ్లుగా ఫేస్‌బుక్‌లో పబ్లిక్‌గా పెడుతున్నాను, విని టైప్ చేసి మరీ. మధ్యలో మరిచిపోతే "ఆగు బిడ్డా" అని గొంతు సవరించుకొని మళ్లీ మొదటి నుంచి అందుకుంటుంది, అది కూడా అట్లనే రాశాను. 2007 నుంచి పెద్దవాళ్లు పబ్లిక్‌గా పెట్టిన పోస్టులు, ఫోటోలు ఏఐ శిక్షణకు తీసుకున్నామని 2024 సెప్టెంబరులో ఆస్ట్రేలియా సెనేట్ విచారణలో ఫేస్‌బుక్ కంపెనీ మెటా ఒప్పుకుంది. మనల్ని అడిగిందెవరు? నా లెక్కలో ఇది దొంగతనమే, కాదనేవాళ్లు చెప్పండి.

కాజీపేట జంక్షన్: పబ్లిక్ అని నువ్వే నొక్కి, చూసినవాణ్ని దొంగ అంటే ఎట్లా అన్నా? అసలు బాధ వేరే ఉంది. సర్వపిండి ఎట్ల చేయాలని ఏఐని అడిగితే "బియ్యపు పిండిని ఒక పాత్రలోకి తీసుకొనవలెను" అంటుంది, ఇంట్లో అందరూ ఒకటే నవ్వు. మన యాస పుస్తకాల్లో ఎంతుంది? ఉన్నదంతా ఇట్లాంటి పోస్టుల్లోనే.

చపాట మిర్చి: చూడడం వేరు, పట్టుకుపోవడం వేరు తమ్ముడూ. ఏనుమాముల మార్కెట్లో రైతు బస్తా మూతి విప్పేది ఖరీదుదారు చూసి ధర కట్టడానికి. శాంపిల్ పేరుతో దోసిళ్లకొద్దీ తీసుకుపోతే ఊరుకుంటామా? (ఊరుకుంటున్నాం, అది వేరే కథ.)

వడ్డేపల్లి కట్ట: ఎమోషన్ పక్కన పెట్టండి. మనకు మనమే బయట పెట్టుకున్న వ్యక్తిగత సమాచారానికి మన 2023 డేటా రక్షణ చట్టం వర్తించదు, సెక్షన్ 3లోనే ఉంది. యూరప్‌లో చట్టం గట్టిది కాబట్టి 2025 మేలో మెటా ఈ పని మొదలుపెట్టేముందు వద్దనేవాళ్లకు ఫారం ఇచ్చింది. ఇక్కడ మన చట్టం పట్టుకొని కేసు వేస్తే నిలబడడం కష్టం.

రామగుండం బొగ్గు: పైసల సంగతి ఎవరూ ఎత్తరేం? జనం పోస్టులు పెట్టుకునే రెడిట్ సైట్‌కు, ఆ రాతలతో ఏఐకి నేర్పేందుకు గూగుల్ ఏడాదికి దాదాపు 6 కోట్ల డాలర్లు ఇస్తుందని 2024లో రాయిటర్స్ రాసింది. అంటే ఈ రాతలకు ధర ఉన్నట్టే గదా! రాసినోళ్లకు అందులో వాటా లేదు. యాస నేర్పుదాం, కానీ కూలి ఇచ్చి నేర్చుకోమనండి.

కాజీపేట జంక్షన్: కూలి లెక్క కడితే ఒక్కో పాటకు చాయ్ పైసలు కూడా రావు. కానీ ముందు అడగాలన్నది ఒప్పుకుంటా. లింక్డ్‌ఇన్‌లో మన రాతలు ఏఐ శిక్షణకు ఇచ్చే సెట్టింగ్ దానంతటదే ఆన్‌లో ఉంది, ఎక్స్‌లో వాళ్ల ఏఐ గ్రోక్‌ది కూడా అంతే, రెండూ నిన్ననే ఆఫ్ చేశాను. ఇప్పటిదాకా తీసుకున్నది మాత్రం వెనక్కి రాదు.

చపాట మిర్చి: ఫేస్‌బుక్‌లో పాత పోస్టులన్నీ ఒకేసారి ఫ్రెండ్స్‌కే పరిమితం చేసే ఆప్షన్ ఉంది. నొక్కబోయే ముందు పెద్దమ్మకు చెబితే కస్సుమన్నది. పరకాలలో ఎవరో కొత్త కోడలు ఆ పాటలు చూసి నేర్చుకొని పోయినేడు వాళ్ల వాడలో పాడిందట, "ఆ పిల్లకు కనపడకుండా చేస్తవా?" అని. పబ్లిక్‌లోనే ఉంచాను. కోపం మాత్రం పోలేదు.