లండన్‌లో భరించగలిగే అద్దెకు ఏ పేట చూసుకోవాలి?

వేదాయపాలెం వాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. చాలా ఏళ్లుగా చెన్నైలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న నన్ను మా సంస్థ వారు లండన్‌కు పంపుతున్నారు. కార్యాలయం కెనరీ వార్ఫ్‌లో ఉంది, వారానికి మూడు రోజులు అక్కడికి వెళ్లి తీరాలి. ముందుగా నేనొక్కడినే వెళ్తాను. నెలన్నర తరువాత నా భార్య, ఈ జూలైలో నాలుగేళ్లు నిండే మా పాప వస్తారు.

నెల్లూరులో ఇల్లు చూసుకోవడానికి నాకు ఎవరి సలహా అక్కరలేదు. మాగుంట లేఅవుట్‌లో అద్దె ఎందుకు ఎక్కువో, అదే డబ్బుకు మా వేదాయపాలెంలో ఇంకో గది ఎందుకు వస్తుందో, గట్టి వాన పడి అండర్‌బ్రిడ్జి కింద నీళ్లు నిలిస్తే ఏ దారిన చుట్టూ తిరిగి పోవాలో కళ్లు మూసుకుని చెప్పగలను. లండన్ పటం ముందు పెట్టుకుంటే మాత్రం ఏ కొస పట్టుకోవాలో తెలియడం లేదు. మా పెద్దమ్మ కొడుకు హౌన్‌స్లో రమ్మంటాడు, తానక్కడే ఉన్నాడు గనుక. నా భార్య స్నేహితురాలు ఈస్ట్‌హామ్ తప్ప వేరే చోటు వద్దంటుంది. ఆఫీసులో ఒకాయన ఈస్ట్‌హామ్ మాటే ఎత్తవద్దు, హ్యారో చూసుకోమంటాడు. అద్దె నెలకు 1,800 పౌండ్లు దాటకూడదని మేము లెక్క వేసుకున్నాము. ఏ పేట చూసుకోవాలి? బయలుదేరక ముందే ఇక్కడి నుంచి ఇల్లు ఖాయం చేసుకోవడం మంచిదేనా?

ఒంగోలు ఆడపడుచు:

మాది ఒంగోలు, లాయరుపేట. పెళ్లయిన నాటి నుంచి ఈస్ట్‌హామ్‌లోనే ఉంటున్నాము కాబట్టి నా మాటలో ఉన్న ఊరి పక్షపాతం కొంత ఉంటుందని ముందే ఒప్పుకుంటున్నాను.

మీకు సలహా ఇచ్చిన ముగ్గురూ తమకు తెలిసిన చోటు నుంచి మొదలుపెట్టారు. మీరు మీ ఆఫీసు నుంచి మొదలుపెట్టండి. లండన్ రవాణాను మధ్య నుంచి బయటికి జోన్లుగా విభజించారు. ఒకటో జోన్ నడిబొడ్డు, ఆరో జోన్ దాదాపు పొలిమేర. దూరం పోయేకొద్దీ అద్దె తగ్గి రైలు ఛార్జీ పెరుగుతుందని అందరూ చెబుతారు గాని, ఒకటో జోన్ గుండా సాగే ప్రయాణానికి ఛార్జీ ఎక్కువనీ, దాన్ని తాకకుండా పక్కనుంచి పోతే తక్కువనీ కొత్తవారికి ఎవరూ చెప్పరు. మీ కెనరీ వార్ఫ్ రెండో జోన్‌లో, నగరానికి తూర్పు వైపున ఉంది. హౌన్‌స్లో, హ్యారో రెండూ పడమటి వైపున ఉన్నాయి. అక్కడి నుంచి రావాలంటే నడిబొడ్డును దాటుకుని రావాలి, పోవడానికి గంట, రావడానికి గంట అనుకోండి. ఈస్ట్‌హామ్ నుంచైతే డిస్ట్రిక్ట్ లైన్‌లో మూడో స్టేషన్ అయిన వెస్ట్‌హామ్‌లో దిగి జూబిలీ లైన్ ఎక్కితే, మళ్లీ మూడో స్టేషనే కెనరీ వార్ఫ్. ఇల్‌ఫర్డ్ నుంచి ఎలిజబెత్ లైన్‌లో వైట్‌చాపెల్ దాకా పోయి, అక్కడ అదే లైన్ రెండో కొమ్మకు మారితే తరువాతి స్టేషన్ మీదే. వూలిచ్‌లో ఉంటే మారే పని కూడా లేదు, రెండో స్టేషన్‌లో దిగిపోవచ్చు. ఈ మూడు దారులలో ఏదీ ఒకటో జోన్‌ను తాకదు.

అద్దె ప్రకటనలలో ఒక తిరకాసు ఉంది. కొందరు వారానికి ఇంత అని రాస్తారు. వారానికి 400 పౌండ్లు అని చూసి నాలుగుతో గుణించి 1,600 అనుకుంటే పొరపాటు. ఏడాదికి 52 వారాలు గనుక నెలకు వచ్చేది 1,733 పౌండ్లు. దీనికి తోడు కౌన్సిల్ ట్యాక్సు, అంటే ఆ పేట స్థానిక పాలక సంస్థకు కట్టే పన్ను, అద్దెలో కలవదు. అది ఇంటి విలువను బట్టి ఎ నుంచి హెచ్ వరకు ఉన్న తరగతులలో ఒకదానిలో పడుతుంది, పక్కపక్క కౌన్సిళ్ల మధ్య కూడా తేడా ఉంటుంది. ఇంట్లో పెద్దవారు ఒక్కరే ఉంటే 25 శాతం తగ్గిస్తారు. మీ కుటుంబం వచ్చే వరకు ఆ నెలన్నరకు మీరు అడిగి తీసుకోవచ్చు, అడగకపోతే ఎవరూ ఇవ్వరు.

అడ్వాన్సుకు చట్టం ఒక హద్దు పెట్టింది. ఏడాది అద్దె 50,000 పౌండ్ల లోపు ఉంటే అయిదు వారాల అద్దెకు మించి తీసుకోకూడదు. మీ 1,800కు లెక్క కడితే అది సుమారు 2,077 పౌండ్లు. ఆ సొమ్మును ఇంటి యజమాని 30 రోజుల లోపల ప్రభుత్వం గుర్తించిన రక్షణ పథకంలో ఉంచి, ఆ వివరాలు మీకు ఇవ్వాలి. మన ఊళ్లో ఇల్లు ఖాళీ చేసేటప్పుడు సున్నాలకు, రంగులకు అంటూ అడ్వాన్సు కరిగించినట్లు ఇక్కడ అంత సులువుగా కరిగించలేరు.

ఇక ఈస్ట్‌హామ్ సంగతి. హై స్ట్రీట్ నార్త్‌లో శనివారం ఉదయం నడిస్తే మునక్కాయలు, గోంగూర కట్టలు దుకాణాల ముందు బల్లల మీదే కనబడతాయి. అదే వీధిలో మహాలక్ష్మి గుడి, కొంచెం అవతల మురుగన్ గుడి ఉన్నాయి. ఇంత చెప్పిన తరువాత చేదు సంగతీ చెప్పాలి. ఇక్కడి వరస ఇళ్లు చాలావరకు నూరేళ్లు దాటినవి. మేము మొదట దిగిన ఇంటిని అక్టోబరులో చూశాము, పడకగదికి కొత్త రంగు వాసన వస్తోంది, ఎంతో సంబరపడ్డాము. జనవరిలో ఒకరోజు చెవికమ్మ కింద పడి వెనక్కు దొర్లితే బీరువా జరిపాను. గోడ మీద నా మోకాలి ఎత్తు వరకు నల్లటి బూజు, అడుగున పెట్టిన పట్టుచీరల పెట్టె అట్ట చెమ్మకు మెత్తబడి వేలు పెడితే దిగిపోయింది. కొత్త రంగు ఎందుకు వేశారో అప్పుడు అర్థమైంది. ఇల్లు చూడబోతే బయటి గోడకు ఆనించిన సామాను జరిపి చూడండి, మొహమాటపడవద్దు. ఇల్లు ఇంధనాన్ని ఎంత పొదుపుగా వాడుతుందో అక్షరాల స్థాయితో చెప్పే ఇంధన యోగ్యత పత్రం కూడా అడగండి. ‘ఇ’ కంటే తక్కువ స్థాయి ఉన్న ఇంటిని మామూలుగా అద్దెకు ఇవ్వకూడదు. ఆ స్థాయి ఎంత దిగితే చలికాలంలో గ్యాసు బిల్లు అంత ఎక్కుతుంది.

కావలి వారబ్బాయి:

అక్కయ్య గారు చెప్పినదంతా నిజమే గాని, లండన్‌లో ఉద్యోగం అంటే లండన్‌లోనే ఉండాలని లేదు. మేము స్లవ్‌లో ఉంటున్నాము. అక్కడి నుంచి లండన్ పాడింగ్టన్‌కు వేగంగా పోయే రైళ్లున్నాయి, ఎలిజబెత్ లైన్ కూడా ఉంది. అదే అద్దెకు కాస్త విశాలమైన ఇల్లు, కారు పెట్టుకునే చోటు దొరికాయి. పిల్లల చదువు చూసుకునే మనవారు చాలామంది ఇటు రావడానికి అసలు కారణం, పదకొండో ఏట పరీక్ష పెట్టి చేర్చుకునే ప్రభుత్వ గ్రామర్ బడులు ఇక్కడ ఉండటం.

ఒక్క జాగ్రత్త చెబుతాను. లండన్‌లో అందరూ వాడే ఆయిస్టర్ కార్డు ఎలిజబెత్ లైన్‌లో పడమటి వైపు వెస్ట్ డ్రేటన్ వరకే చెల్లుతుంది, ఆ తరువాత బ్యాంకు కార్డు తాకించాలి. వచ్చిన కొత్తలో నేను తెలియక జరిమానా కట్టాను. అయితే నాకు ఆఫీసు పాడింగ్టన్‌కు దగ్గర, అదీ వారానికి ఒక్కరోజే. కెనరీ వార్ఫ్‌కు మూడు రోజులు వెళ్లేవారికి స్లవ్ మంచిదని నేను గట్టిగా చెప్పలేను. హౌన్‌స్లో గురించి మాత్రం చెప్పగలను, ఏడాది ఉన్నాను. హీత్రో విమానాలు దిగే దారి కింద ఇల్లు పడితే మాట మధ్యలో ఆపి, విమానం పోయాక మిగిలిన సగం చెప్పుకోవాలి. పడమటి గాలి రోజులలో దిగే రన్‌వేను మధ్యాహ్నం 3 గంటలకు మారుస్తారు గనుక పొద్దున్న ఇల్లు చూసి ప్రశాంతంగా ఉందనుకుంటే, సాయంత్రానికి కథ మారిపోవచ్చు.

మార్కాపురం మనిషి:

మీ రెండో ప్రశ్నకు నేను జవాబు చెబుతాను, ఎందుకంటే దానికి నేను రుసుము చెల్లించాను. చదువుకోసం వచ్చేటప్పుడు మార్కాపురంలో మా ఇంట్లో కూర్చునే గది ఖాయం చేసుకున్నాను. ఫోటోలు బాగున్నాయి, అద్దె చుట్టుపక్కల కంటే తక్కువ, యజమాని తాను వేరే దేశంలో ఉన్నానని, డబ్బు పంపితే తాళం కొరియర్‌లో వస్తుందని రాశాడు. పంపాను. చలికి వణుకుతూ రెండు పెట్టెలతో ఆ చిరునామాకు పోతే తలుపు తీసిన ముసలామె పాపం నాకు టీ ఇచ్చింది, ఆ ఇల్లు ఆమెదే, ఎన్నడూ అద్దెకు ఇచ్చింది కాదు. కాబట్టి మీరు గాని, మీరు నమ్మే మనిషి గాని లోపల అడుగుపెట్టి చూడని ఇంటికి ఒక్క పౌండు కూడా పంపవద్దు. ఇల్లు పట్టి ఉంచడానికి ఏజెంట్లు తీసుకునే సొమ్ముకు కూడా ఒక వారం అద్దె అనే హద్దు ఉంది, అంతకు మించి అడిగితేనే అనుమానించాలి.

మొదటి నెల మీరు ఒంటరిగానే ఉంటారు గనుక ఎవరింట్లోనైనా ఒక గది తీసుకోండి. ఆ గది విషయంలోనూ ఒక మాట. వేర్వేరు కుటుంబాలకు చెందిన అయిదుగురు, అంతకు మించి ఉంటూ వంటగది, స్నానాలగది పంచుకునే ఇంటికి యజమాని తప్పనిసరిగా లైసెన్సు తీసుకోవాలి. నేను తరువాత చేరిన ఇంట్లో తొమ్మిదిమందిమి ఉండేవాళ్లము. లైసెన్సు లేదు, పొగ పసిగట్టే అలారానికి మాత్రం ఎవరో ప్లాస్టిక్ సంచి కట్టి ఉంచారు. ఎందుకు కట్టారని అడిగితే, తిరగమోత వేసిన ప్రతిసారీ మోగుతోందట. నవ్వుకున్నాము గాని, ఆ ఇంట్లో నిప్పు అంటుకుని ఉంటే లేపేవారు లేరు.

వేదాయపాలెం వాసి:

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఇక్కడి నుంచి ఇల్లు ఖాయం చేసే ఆలోచన మానుకున్నాను. వచ్చాక ఒక నెల గది తీసుకుని తూర్పు వైపే వెతుకుతాను. ఇంకో రెండు సందేహాలు. బ్రిటన్‌లో అప్పుల చరిత్ర లేనివారిని ఆరు నెలల అద్దె ముందే కట్టమంటారని విన్నాను, అంత సొమ్ము నా దగ్గర లేదు. పైగా ఏడాది ఒప్పందం రాసిన తరువాత ఆ పేట నచ్చకపోతే ఏం చేయాలి? పాప బడి సంగతి కూడా ఎవరైనా చెప్పగలరా?

ఒంగోలు ఆడపడుచు:

ఆరు నెలల ముందస్తు పద్ధతి మేము వచ్చినప్పుడు ఉండేది, మేమూ కట్టాము, మా నాన్నగారు ఇక్కడి అద్దె కోసం అక్కడ చీటీ పాడారు. ఇంగ్లాండులో 2026 మే 1 నుంచి అమలులోకి తెచ్చిన కొత్త అద్దె చట్టం ప్రకారం, ప్రైవేటు అద్దె ఇళ్లకు ఒక నెలకు మించి ముందస్తు అద్దె అడగకూడదు. ప్రకటనలో రాసిన అద్దె కంటే ఎక్కువ ఇస్తామని పోటీ పెట్టి తీసుకోవడం కూడా కుదరదు. అన్నిటికన్నా మీకు పనికొచ్చేది, ఏడాదికి కట్టిపడేసే ఒప్పందాలు పోయి, రెండు నెలల ముందు నోటీసు ఇచ్చి ఇల్లు ఖాళీ చేసే హక్కు అద్దెదారుకు వచ్చింది. అంటే పేట తప్పు పడితే నష్టం రెండు నెలలతో తెగిపోతుంది. నా ఉద్దేశంలో పేట గురించి మీరు పడుతున్న మథనంలో సగం దీనితో తగ్గాలి. ముందస్తు అడగలేరు గనుక ఏజెంట్లు హామీదారును అడగడం ఎక్కువవుతుంది, కాబట్టి జీతం రాసిన లేఖను మీ సంస్థ నుంచి తెచ్చుకోండి. వీసా రుజువుకు ఇప్పుడు కార్డు లేదు, ఆన్‌లైన్ ఖాతా నుంచి తీసే షేర్ కోడ్‌నే యజమాని చూస్తాడు.

బడి సంగతి. ఇంగ్లాండులో ఆగస్టు 31 నాటికి నాలుగేళ్లు నిండిన పిల్లలు సెప్టెంబరులో రిసెప్షన్ అనే మొట్టమొదటి తరగతిలో చేరతారు, మీ పాపకు ఈ ఏడాదే. మామూలు దరఖాస్తుకు గడువు జనవరి 15తోనే ముగుస్తుంది. ఆలస్యంగా వచ్చినవారు కౌన్సిల్ ద్వారానే దరఖాస్తు చేసుకోవాలి, ఖాళీ ఉన్న బడి ఇస్తారు. చాలా బడులు ఇంటి నుంచి దూరం కొలిచి సీటు ఇస్తాయి గాని, నిండిపోయిన బడి ఎదురింట్లో ఉన్నా సీటు రాదు. అందుచేత బడి పేరు చూసి ఎక్కువ అద్దెకు ఇల్లు తీసుకోకండి. ముందు ఆ కౌన్సిల్‌కు ఫోన్ చేసి, రిసెప్షన్‌లో ఖాళీలు ఎక్కడ ఉన్నాయో అడిగి, ఆ బడుల చుట్టూ ఇల్లు వెతకండి. న్యూహామ్, రెడ్‌బ్రిడ్జ్, గ్రెనిచ్ మూడు కౌన్సిళ్లకూ చేయండి, ఈస్ట్‌హామ్, ఇల్‌ఫర్డ్, వూలిచ్ వరుసగా వాటి కిందికి వస్తాయి.

ఇల్లు చూడడానికి ఆదివారం మధ్యాహ్నం రమ్మంటారు, అప్పుడు ఏ వీధైనా బాగుంటుంది. పోయి చూడండి, కాని నచ్చితే పనిరోజున రాత్రి 8 దాటాక స్టేషన్ నుంచి ఆ ఇంటిదాకా ఒక్కసారి నడవండి. డిసెంబరులో ఇక్కడ సాయంత్రం 4 కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు, మీ ఇంటావిడ పాపతో నడవబోయే వెలుతురు అదే. స్టేషన్‌లో లిఫ్ట్ ఉందో లేదో కూడా చూసుకోండి, పిల్లల బండితో మెట్లు ఎక్కడం ఏమిటో నాకు తెలుసు. చూసిన ఇళ్ల పోస్టుకోడ్‌లు ఇక్కడ రాయవద్దు, నాకు విడిగా పంపండి, ఈ చుట్టుపక్కల వీధులైతే ఎలాంటివో చెబుతాను.