5 తీగల బేస్ గిటార్‌కి రెండో స్పీకర్ క్యాబినెట్ కొనాలా, హై పాస్ ఫిల్టర్ చాలా?

బేస్ వాయించేవాళ్లూ, లైవ్ సౌండ్ చూసేవాళ్లూ దయచేసి సలహా ఇవ్వండి. పెళ్లి సంగీత్‌లకూ, ఆరుబయట జాతర ప్రోగ్రాములకూ ఒకటే సెట్ వాడాలి.

ఇప్పుడున్నవి: 34 అంగుళాల స్కేల్ యాక్టివ్ బేస్, 4 ఓమ్స్‌కి 500 వాట్లిచ్చే క్లాస్ డి హెడ్ (ఆంప్లిఫయర్), 12 అంగుళాల స్పీకరున్న 8 ఓమ్స్ క్యాబినెట్ ఒకటి. 8 ఓమ్స్ మీద హెడ్ ఇచ్చేది దాదాపు సగమే. ఫంక్షన్ హాల్లో ఇది చాలు. మైదానంలో మాత్రం లో బి తీగ (అన్నిటికన్నా కింది స్వరానిది) మీటితే స్పీకర్ కోన్ విపరీతంగా ఊగి, స్వరం తేలకుండా ఉబ్బిన చప్పుడే మిగులుతోంది. ఆ స్వరం 31 హెర్ట్జ్. చిన్న క్యాబినెట్ అంత కిందికి దిగలేదు. బేస్ నాబ్ తిప్పితే ఇంకా పాడవుతోంది.

అదే మోడల్ క్యాబినెట్ ఇంకొకటి ప్యారలల్‌గా కలిపితే 4 ఓమ్స్ అవుతుంది, హెడ్ పూర్తి పవర్ ఇస్తుంది, కోన్ వైశాల్యమూ రెట్టింపు. శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పెరగాలి. కానీ మోయాల్సిన బరువు!

లేదంటే 40 హెర్ట్జ్ కంటే కింది శబ్దాన్ని కోసే హై పాస్ ఫిల్టర్ పెడల్ పెట్టి, డీఐ (మిక్సర్‌కి నేరుగా సిగ్నల్ పంపే అవుట్‌పుట్) నుంచి పీఏ (జనానికి వినిపించే సౌండ్ సిస్టమ్) సబ్‌వూఫర్లకు పంపి, క్యాబినెట్‌ని స్టేజీ మానిటర్‌గానే ఉంచడం. నాకు ఇదే సబబనిపిస్తోంది, కానీ చిన్న ఊళ్లలో పీఏకి సబ్‌లు ఉండవు.

డబ్బు ముందు దేనికి పెట్టాలి? డీఐని హెడ్‌లోని ఈక్యూకి (టోన్ నాబ్‌లకి) ముందు తీసుకోవాలా, తర్వాతా? జనరేటర్ మీద నడిచేటప్పుడు డీఐ మీదున్న గ్రౌండ్ లిఫ్ట్ (సిగ్నల్ కేబుల్ గ్రౌండ్‌ని విడదీసే స్విచ్) నొక్కినా వచ్చే గుర్రు ఎలా పోతుంది? ఎర్త్ పిన్ తీసెయ్యమని మాత్రం చెప్పకండి, షాక్ ప్రమాదం.